మోచేతి మొండినొప్పి — టెన్నిసు ఎల్బో

నడివయస్సున అడుగిడిన స్త్రీపురుషులలో కొందఱకు, ఏ దెబ్బయు తగులకుండగనే, మోచేతి వెలుపలి ప్రక్కన సన్నని సలుపొకటి పొడసూపును. నిన్నటి పని కొంచెము అధికమైనదేమో యని దానిని మొదట ఎవరును లెక్కసేయరు. కాని దినములు గడచినకొలది ఆ సలుపు ముంజేతి మీదుగా మణికట్టు వైపునకు ప్రాకి, పొయ్యిమీది పాలగిన్నెను దింపుట, తడిబట్టను పిండుట, సీసా మూతను త్రిప్పుట, మిత్రునితో కరచాలనము చేయుట వంటి అల్పకార్యములనుగూడ కష్టసాధ్యములుగా మార్చివేయును. చేయి ఊరక యున్నంతసేపు నొప్పి అంతగా తెలియదు. ఏ వస్తువునైనను పట్టి పైకెత్తబోవునప్పటికి మాత్రము పట్టు సడలి, ఆ వస్తువు చేజాఱునేమో యన్న భయము కలుగును. వైద్యులు టెన్నిసు ఎల్బో యని వ్యవహరించు వ్యాధి యిదియే.

ఇది ప్రాణాపాయకరమైన వ్యాధి కాదు. తుదకు ఇంచుమించుగా అందఱకును నయమగునదే. ఐనను ఇది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైబడి మనుష్యుని వెన్నాడుటయు, తగ్గినట్లే తగ్గి మరల తిరుగబెట్టుటయు, విసిగిన రోగి ఒక వైద్యుని విడిచి మఱియొక వైద్యుని ఆశ్రయించుటయు తఱచుగా జరుగుచున్నవి. నొప్పి యిట్లు మొండికెత్తుటకు గల కారణములలో ముఖ్యమైనది, దాని స్వరూపమును మనము అపార్థము చేసికొనుటయే. వాపు వచ్చిన చోటును చల్లార్చినట్లు దీనిని చల్లార్చబోయినవారు తఱచు భంగపడుదురు. బలహీనపడిన అవయవమును క్రమక్రమముగా బలపఱచుకొన్నట్లు ఓపికతో సాధన చేసినవారు సాధారణముగా కృతార్థులగుదురు. ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట అందఱకును ఉపయోగకరము.

ఎవరికి వచ్చును?

1873వ సంవత్సరమున రుంగె యను జర్మను వైద్యుడు ఈ బాధను మొట్టమొదట వర్ణించినప్పుడు దానిని వ్రాతపనితో ముడిపెట్టి చెప్పెనే కాని క్రీడల ప్రసక్తియే తేలేదు. లాన్ టెన్నిసు ఆటకు వింగ్‌ఫీల్డ్ అను ఆంగ్లేయ సైనికాధికారి పేటెంటు పొందినది ఆ మఱుసటి యేట, అనగా 1874లో. వింబుల్డన్ పోటీలు తొలిసారి జరిగినది 1877లో. ఆ క్రీడ ఇంగ్లండులోని మధ్యతరగతి, సంపన్నవర్గముల తోటలలో వేగముగ వ్యాపించిన కొలది సంవత్సరములకే, 1882లో హెన్రీ మారిస్ అను శస్త్రవైద్యుడు లాన్సెట్ పత్రికలో టెన్నిసు ఆటగాండ్ర చేతినొప్పిని ప్రస్తావించెను. నాటినుండి ఆ ఆట పేరే ఈ నొప్పికి స్థిరపడినది.

వాస్తవమున నేడు ఈ నొప్పితో వైద్యుని యొద్దకు వచ్చువారిలో టెన్నిసు ఆడువారు నూటికి పదిమందికి మించి యుండరు. మిగిలినవారందఱును చేతిపట్టుతో బ్రదుకు సాగించువారు: దినమంతయు తాపీ పట్టి గోడలు పూయు మేస్త్రీలు, సుత్తియు స్క్రూడ్రైవరును విడువని వడ్రంగులు, ఎలక్ట్రీషియనులు, రంగులు వేయువారు, కత్తెర ఆడించు దర్జీలు, వంటశాలలలో పెద్ద గరిటెలు త్రిప్పువారు, ఇంటిల్లిపాదికి చపాతీలు వత్తి, బట్టలు పిండి, బకెట్లు మోయు గృహిణులు, మణికట్టును పైకెత్తియుంచి గంటలకొలది కంప్యూటరు మౌసును కదలించు ఉద్యోగులు. స్త్రీలకును పురుషులకును ఇది సమానముగనే వచ్చును. ముప్పదియైదవ యేట మొదలుకొని ఏబదియైదవ యేటివఱకు దీని ప్రాబల్యము మెండు. ఎక్కువగా పనిచేయు చేతికే ఎక్కువగా సోకును. ఫిన్లండు దేశములో 30 మొదలు 64 ఏండ్ల వఱకు గల వయస్కులను వేలసంఖ్యలో పరీక్షించి చూడగా నూటికి 1.3 మందికి ఈ వ్యాధి యున్నట్లు తేలినది. బలముపయోగించు పనియు, మాటిమాటికి ఒకే విధముగ చేయు కదలికయు కలిసివచ్చినవారికి, పొగత్రాగు అలవాటు గలవారికి ఇది హెచ్చుగా కనిపించినది.

పిడికిలి బిగించుటలోని మర్మము

మోచేతి వెలుపలి ప్రక్కను తడవి చూచినచో చిన్న ఎముక బుడిపె యొకటి వ్రేలికి తగులును. భుజమునుండి మోచేతివఱకు దిగివచ్చు పెద్ద యెముక యొక్క తుదిభాగమది. మణికట్టును, వ్రేళ్లను వెనుకకెత్తు నాలుగు కండరములు ఆ బుడిపె కడ ఒకే మూలమునుండి బయలుదేరును. కండరమును ఎముకతో కలుపు తెల్లని దృఢమైన పట్టీని స్నాయువందురు. ఆ నాలుగింటిలో మణికట్టును వెనుకకెత్తు పొట్టి కండరమొకటి ముంజేతి పొడవునను సాగి, నడిమివ్రేలి మొదటనున్న అరచేతి ఎముకకు అంటుకొనుచున్నది. టెన్నిసు ఎల్బోలో చెడిపోవునది ముఖ్యముగా ఈ పొట్టి కండరము యొక్క స్నాయుమూలమే.

మణికట్టును వెనుకకెత్తు కండరమునకు, పాలగిన్నెను పట్టుకొనుటకు సంబంధమేమని పాఠకులు సందేహింపవచ్చును. పిడికిలి బిగించు పనియంతయు వ్రేళ్లను ముడుచు కండరములదే యని మనము తలంతుము. కాని మణికట్టును పూర్తిగా లోపలికి వంచి, ఒక కఱ్ఱను గట్టిగ పట్టుకొన యత్నింపుడు. ఎంత బలవంతునికైనను పట్టు నిలువదు. మణికట్టు కొంచెము వెనుకకు వంగి స్థిరముగ నిలిచినప్పుడే వ్రేళ్లకు బిగువు వచ్చును; అట్లు దానిని నిలుపు భారము వెనుకకెత్తు కండరములపై బడును. కావున కలము పట్టినను, గరిటె పట్టినను, రాకెట్టు పట్టినను, పట్టిన ప్రతిసారియు ఆ స్నాయుమూలము లాగబడుచునే యుండును. మోచేయి చాచి, అరచేయి క్రిందికి త్రిప్పి బరువు నెత్తునప్పుడు ఆ లాగుడు మఱింత హెచ్చగును. అనుభవము చాలని టెన్నిసు ఆటగాడు వెనుకచేతి దెబ్బను భుజబలముతో గాక మణికట్టుతో కొట్టబోయి తెచ్చుకొను కష్టమును, మేస్త్రి తాపీతో తెచ్చుకొను కష్టమును ఒక్కటియే.

స్నాయువు కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులతో పేనిన మోకు వంటిది. ప్రతిదినము బావి గిలకపై నొరసికొను మోకు ఒక్కనాడు తెగిపోదు. ముందుగా ఒకటి రెండు పోగులు పీచులెత్తి, పిదప పేట వదులై, ఆ చోట త్రాడు పలుచబడును. బావిత్రాటికి లేని భాగ్యము స్నాయువునకు కలదు. అది తన్ను తాను మరల నేసికొనగలదు. ఐతే దానికి రక్తప్రసారము స్వల్పము గనుక ఆ మరమ్మతు మందకొడిగా సాగును. జరిగిన నష్టము చక్కబడక మునుపే క్రొత్త లాగుడు వచ్చి మీదపడుచున్నచో, పోగులు వరుస తప్పి, నాణెము తక్కువైన కొల్లాజెన్ చేరి, పనికిరాని సన్నని రక్తనాళములు అడ్డదిడ్డముగ మొలచి, స్నాయువు బూడిదవన్నె గల మెత్తని కణజాలముగా మారిపోవును. 1979లో అమెరికా శస్త్రవైద్యులు నిర్ష్‌ల్, పెట్రోన్ అనువారు తాము శస్త్రచికిత్స చేసిన మోచేతులలో ఈ మార్పునే విశదముగ వర్ణించిరి. వాపుతో కూడిన రోగములలో గుంపుకట్టి కనబడు కణములు, దీర్ఘకాలము బాధించిన ఈ స్నాయువులలో అరుదుగానే కనబడుచుండుటచే, ఇది మంట వలన వచ్చిన వ్యాధి యను పూర్వాభిప్రాయము క్రమముగ సడలిపోయినది. మంటను చల్లార్చు ఔషధములు దీనియెడ శాశ్వతఫలము నీయజాలకుండుటకు హేతువిదియే.

గుర్తించు విధము

ఈ వ్యాధిని నిర్ణయించుటకు పెద్ద యంత్రములు సాధారణముగ అక్కఱలేదు. వైద్యుడు ఎముక బుడిపెకు కొంచెము ముందు, క్రింద వ్రేలితో నొక్కినప్పుడు రోగి ఉలికిపడును. మోచేయి చాచి, పిడికిలి బిగించి, మణికట్టును పైకెత్తుచుండగా వైద్యుడు దానిని క్రిందికి అదిమినను, నడిమివ్రేలిని పైకెత్తుచుండగా అడ్డగించినను ఆ చోటనే నొప్పి కలుగును. వెనుక వీపు గల కుర్చీని, మోచేయి చాచి, అరచేయి క్రిందికి త్రిప్పి పట్టుకొని పైకెత్తజూచుట మఱియొక పరీక్ష. ఎక్సురే తఱచు నిర్దోషముగనే యుండును. సందేహమున్న చోట అల్ట్రాసౌండు, ఎమ్మారై పరీక్షలు స్నాయువు స్థితిని చూపగలవు. కాని ఏ నొప్పియు లేనివారి స్నాయువులలోగూడ ఇట్టి మార్పులు కనబడుట కలదు గనుక, చిత్రమును జూచి బెదరుట తగదు.

మోచేతి వెలుపల వచ్చు ప్రతి నొప్పియు ఇదియే యని తలంచుటయు పొరపాటే. మెడ ఎముకల నడుమ నరము నొక్కుకొన్నను నొప్పి చేతికి దిగివచ్చును. అప్పుడు మెడ త్రిప్పిన నొప్పి హెచ్చుటయో, వ్రేళ్లు తిమ్మిరెక్కుటయో కనిపించును. ముంజేతిలో లోతుగ పోవు నరమొకటి కండరముల నడుమ చిక్కుకొన్నచో, నొప్పి బుడిపెకు నాలుగైదు వ్రేళ్ల క్రిందుగా నుండి, రాత్రులు గూడ బాధించును. మోచేతి లోపలి ప్రక్కన వచ్చు సలుపు వేఱొక స్నాయుమూలమునకు సంబంధించినది. దానిని గోల్ఫరు ఎల్బో యందురు. కీలు వాచి ఎఱ్ఱబడుట, జ్వరము తగులుట, మోచేయి మధ్యలో పట్టివేయుట, వ్రేళ్లను ఎత్తలేకపోవుట, క్రిందపడిన పిమ్మట నొప్పి మొదలగుట వంటి లక్షణములున్నచో ఏమాత్రము జాగుచేయక వైద్యుని దర్శింపవలెను. ఆరు వారములు జాగ్రత్త పడినను గుణము లేనప్పుడును, నిర్ణయము సరియైనదో కాదో మరల విచారించుట మంచిది.

సూదిమందు చేయు మోసము

నొప్పి భరింపలేక వైద్యుని యొద్దకు పోయినవారికి స్టిరాయిడ్ ఇంజెక్షను ఇచ్చుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. దానివలన కొలదిదినములలోనే నొప్పి చేతితో తీసివేసినట్లు పోవును గనుక, రోగికి వైద్యునియందును, మందునందును అపారమైన విశ్వాసము కుదురును. కాని ఆ సుఖము ఎంతకాలము నిలుచునను ప్రశ్నకు సమాధానము గత పాతికేండ్లలో జరిగిన పరిశోధనలవలన స్పష్టముగ లభించినది.

నెదర్లాండ్సులో 185 మంది రోగులను మూడు జట్లుగా విభజించి, ఒక జట్టునకు స్టిరాయిడ్ సూదులు, రెండవ జట్టునకు ఫిజియోథెరపీ, మూడవ జట్టునకు జాగ్రత్తలు చెప్పి వేచియుండు పద్ధతి అనుసరించి, 2002లో ఫలితములు ప్రకటించిరి. ఆరు వారములకు సూదిమందు జట్టులో నూటికి 92 మందికి, ఫిజియోథెరపీ జట్టులో 47 మందికి, వేచియున్న జట్టులో 32 మందికి గుణము కనిపించినది. ఇంతవఱకే చూచినవారు సూదిమందునకు జయము పలుకుదురు. కాని ఏడాది నిండునప్పటికి లెక్క తలక్రిందులైనది: ఫిజియోథెరపీ జట్టులో నూటికి 91 మంది, ఏ చికిత్సయు లేక వేచియున్నవారిలో 83 మంది కోలుకొనగా, సూదిమందు పొందినవారిలో 69 మందియే కోలుకొనిరి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేనులో 198 మందిపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, సూదిమందువలన తొలుత గుణము పొందిన 65 మందిలో 47 మందికి నొప్పి తిరుగబెట్టినది. అచ్చటనే 165 మందిపై జరిగి 2013లో ప్రకటితమైన మఱియొక పరిశోధన సూదిమందును ఉప్పునీటి సూదితో పోల్చి చూచినది. ఏడాది పిమ్మట ఉప్పునీరు పొందినవారిలో నూటికి 96 మంది, స్టిరాయిడ్ పొందినవారిలో 83 మంది కోలుకొనిరి. తిరుగబెట్టుట మొదటివారిలో నూటికి 12 మందికి, రెండవవారిలో 54 మందికి సంభవించినది.

ఈ వైపరీత్యమునకు ఉపపత్తి యేమనగా, స్టిరాయిడ్ నొప్పిని అణచివేయును గాని స్నాయువును నేయదు. పైగా దాని మరమ్మతునకు అడ్డుపడును. నొప్పి లేదను ధైర్యముతో రోగి పూర్వమువలెనే బరువులెత్తగా, బలపడని స్నాయువు మరల దెబ్బతినును. ఇంతియే గాక, సూది గ్రుచ్చిన చోట చర్మము తెల్లబాఱుట, లోపలి క్రొవ్వు కరిగి గుంటపడుట, మధుమేహము గలవారికి కొలదిదినములపాటు రక్తములో చక్కెర పెరుగుట అను చిక్కులు గలవు. మొదటి సూది పనిచేసినదని రెండవదానికి, అది పనిచేసినదని మూడవదానికి ఆశపడుట నొప్పిని మొండిదానినిగ చేసికొను రాజమార్గము.

సాధనయే ఔషధము

బలహీనపడిన స్నాయువును బాగుచేయగల శక్తి ఆ స్నాయువునందే యున్నది. దానిని మేల్కొలుపునది తగుమాత్రపు భారము. అతిగా భారము వేసిన అది చెడును. ఏ భారమును వేయక కట్టిపెట్టినను చెడును. తెలుగునాట ఎముక విరిగినవారికి పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చుట సహజమే కాని, ఇక్కడ ఎముక యేదియు విరుగలేదు. వారముల తరబడి మోచేతిని కదలకుండ కట్టియుంచుటవలన కండరములు క్షీణించి, కీలు బిగుసుకొనుటయే మిగులును. నొప్పి తీవ్రముగానున్న తొలిదినములలో దానిని రేపు పనులను మాని, తక్కిన పనులను యథాప్రకారము చేసికొనుచుండుట మేలు.

వ్యాయామమును ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణమున ఆరంభించుట ఉత్తమము. మొదటి మెట్టు కదలికలేని బిగింపు: ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి క్రిందికి త్రిప్పి, మణికట్టును కొంచెము పైకెత్తి, రెండవ చేతితో దానిని అదుముచు, క్రింది చేయి ఎటును కదలకుండ ముప్పది మొదలు నలుబదియైదు సెకండ్లవఱకు నిలుపవలెను. నడుమ విరామమిచ్చుచు నాలుగైదు పర్యాయములు ఇట్లు చేయవచ్చును. తొలిదశలో పలువురకు ఇది నొప్పిని శమింపజేయునదిగా గూడ నుండును.

రెండవ మెట్టు బరువును మెల్లగ దించుట. ముంజేతిని బల్లపైనుంచి, మణికట్టును బల్ల అంచు దాటనిచ్చి, చేతిలో అరకిలో బరువు పట్టుకొనవలెను. డంబెల్ లేనివారు నీరు నిండిన అరలీటరు సీసాను ఉపయోగింపవచ్చును. రెండవ చేతి సాయముతో మణికట్టును పైకెత్తి, పిమ్మట ఆ సాయమును విడిచి, నాలుగైదు సెకండ్ల కాలము తీసికొని బరువును క్రిందికి దించవలెను. ఇట్లు పదునైదు మార్లు, మధ్య విశ్రాంతితో మూడు విడతలు చేయుట వాడుక. ఇది సులభమైనప్పుడు ఒంటిచేతితోనే ఎత్తుటయు దించుటయు అభ్యసించి, బరువును అంచెలంచెలుగ పెంచవలెను. సుత్తి పిడి చివర పట్టుకొని ముంజేతిని లోనికిని వెలికిని మెల్లగ త్రిప్పుట, మెత్తని బంతిని పిసుకుట, రబ్బరు కడ్డీని రెండు చేతులతో మెలిపెట్టి నొప్పిగల చేతితో మెల్లగ విప్పుట పిదపటి మెట్లు. భుజమును, వీపు పైభాగమును బలపఱచు వ్యాయామములనుగూడ వీనితో చేర్చవలెను. భుజము చేయవలసిన పనిని మణికట్టు మోయుచున్నంతకాలము మోచేతికి విశ్రాంతి దొరకదు.

ఈ సాధనలో కొంచెము నొప్పి కలుగుట సహజము. సున్న మొదలు పదివఱకు గల కొలతలో మూడు నాలుగింటికి మించనిదియు, మఱునాటి యుదయమునకు అణగిపోవునదియు నగు నొప్పివలన హాని లేదు. అంతకు మించినచో బరువును తగ్గింపవలెనే కాని వ్యాయామమును మానరాదు. మూడు నాలుగు వారములలో ఫలము కనబడలేదని విడిచిపెట్టువారే మెండు. స్నాయువు మారుటకు పండ్రెండు వారములైనను పట్టును. నొప్పి పోయిన పిదపగూడ కొంతకాలము కొనసాగించినచో తిరుగబెట్టుట తగ్గును.

తక్కిన సాయములు

సాధన చేయుచు, నిత్యకృత్యములలో చేతిని వాడు తీరును మార్చుకొననిచో, ఒక చేత్తో కూర్చినది రెండవ చేత్తో చెఱచుకొన్నట్లగును. బరువునెత్తునప్పుడు అరచేయి పైకి ఉండునట్లును, మోచేయి వంచి ఒడలికి దగ్గరగ నుండునట్లును చూచుకొన్నచో భారము జబ్బ కండరమునకు పోయి, నొప్పిగల స్నాయువునకు ఊఱట గలుగును. గిన్నెను ఒక చేతితో కాక రెండు చేతులతో ఎత్తుట, సన్నని పిడులకు గుడ్డ చుట్టి లావుచేయుట, మౌసు పట్టు చేతికి ముంజేతి పొడవునను ఆనిక కల్పించుట, సుత్తిపని నడుమ నడుమ ఆపుట అందఱకును సాధ్యములే. టెన్నిసు, బ్యాడ్మింటన్ ఆడువారు చేతికి సరిపడు పిడిగల రాకెట్టును ఎంచుకొని, తంత్రుల బిగువును తగ్గించుకొని, వెనుకచేతి దెబ్బను తగిన శిక్షకుని యొద్ద సరిదిద్దుకొనవలెను.

మోచేతికి రెండు మూడు వ్రేళ్ల క్రిందుగ ముంజేతి కండరముపై కట్టుకొను పట్టీ, లాగుడును కొంత తప్పించి పనివేళలలో ఉపశమనము గలిగించును. పలువురు దానిని నొప్పి యున్న బుడిపెమీదనే బిగించుకొందురు; అట్లు చేసిన ప్రయోజనము లేదు. దానిని నిద్రించునప్పుడు తీసివేయవలెను. డైక్లోఫినాక్ వంటి పూతమందులు తాత్కాలికముగ సాయపడును. అదే జాతి మాత్రలను కొలదిదినములకు మించి వాడుట కడుపునకును, మూత్రపిండములకును హానికరము. రక్తపుపోటు గలవారు వైద్యుని అడుగక వానిని మ్రింగరాదు. కాపడమో, మంచుగడ్డయో హాయినిచ్చునది యేదైనను వాడుకొనవచ్చును గాని, బుడిపెపై మొరటుగ మర్దన చేయించుటవలన నొప్పి రేగును. రోగి రక్తమునుండి తీసిన ప్లేట్‌లెట్ల సాంద్రద్రవమును ఎక్కించుట ఈ నడుమ నగరములలో విరివిగ సాగుచున్నది. కాని పలు పరిశోధనలను కలిపి పరిశీలించినవారు అది ఉత్తుత్తి సూదికంటె గణనీయముగ మేలుచేయుట లేదనియే తేల్చిరి. ధ్వనితరంగములతో కొట్టు చికిత్సకును నికరమైన ఆధారము కొఱతయే. ఖరీదు హెచ్చైనంతమాత్రమున చికిత్స ఫలవంతము కానేరదు.

కత్తి పట్టవలసిన సందర్భము

ఆరు నెలలు మొదలు ఏడాదివఱకు శ్రద్ధగ సాధన చేసినను కోలుకొననివారికి మాత్రమే శస్త్రచికిత్సను గూర్చి యోచింతురు. చెడిన కణజాలమును తొలగించి, స్నాయుమూలమును సరిదిద్దుట ఆ చికిత్సలోని సారము. ముందు పేర్కొన్న నిర్ష్‌ల్, పెట్రోన్ 1971 చివరి మొదలు 1977వఱకు చూచిన 1,213 టెన్నిసు ఎల్బో సందర్భములలో శస్త్రచికిత్స జరిగినది 88 మోచేతులకు మాత్రమే. మఱియు 2018లో ఆస్ట్రేలియాలో ప్రకటితమైన చిన్న పరిశోధనలో, నిజముగ చెడిన భాగమును తొలగించినవారికిని, చర్మము కోసి స్నాయువును చూచి ఏమియు తొలగింపక కుట్టివేసినవారికిని గుణము సమానముగనే కనిపించినది. కాలమును, పిదపటి వ్యాయామమును కత్తితోపాటు ఎంత పనిచేయుచున్నవో దీనివలన ఊహింపవచ్చును.

ఐనను శస్త్రచికిత్స వ్యర్థమని త్రోసివేయరాదు. భారతీయులెల్లరు ఎఱిగిన దృష్టాంతము సచిన్ టెండూల్కరుది. 2004 ఆగస్టులో ఎడమ మోచేతికి వచ్చిన ఈ నొప్పివలన ఆతడు ఇంగ్లండులో జరిగిన ఛాంపియన్సు ట్రోఫీకిని, ఆస్ట్రేలియాతో జరిగిన తొలి రెండు టెస్టులకును దూరమై, ఆ అక్టోబరున నాగపూరులో తిరిగి ఆడెను. నొప్పి పూర్తిగ వదలకపోవుటచే 2005 మేలో లండనులో శస్త్రచికిత్స చేయించుకొనవలసివచ్చినది. కుడిచేతివాటపు బ్యాట్సుమనునకు బ్యాటుపిడి పైభాగమును పట్టునది ఎడమచేయి. బరువైన బ్యాటు వాడు టెండూల్కరునకు ఆ చేతిపట్టు సడలుట ఎంతటి విపత్తో చెప్పనక్కఱలేదు. నెలల తరబడి సాగిన పునర్వ్యాయామము తరువాత అదే సంవత్సరము అక్టోబరున నాగపూరులోనే శ్రీలంకపై 93 పరుగులు తీసి పునఃప్రవేశము చేసి, డిసెంబరున ఢిల్లీలో తన 35వ టెస్టు శతకముతో సునీల్ గవాస్కరు నెలకొల్పిన రికార్డును దాటెను. ప్రపంచములోని వైద్యమంతయు అందుబాటులోనున్న క్రీడాకారునికే ఆ నొప్పి మొదలైన నాటినుండి శతకమువఱకు పదునాఱు నెలలు పట్టినది.

ఈ నొప్పితో బాధపడు పాఠకులు తెలిసికొనవలసినది స్వల్పము. చికిత్స యేమియు లేకున్నను రోగులలో పదింట ఎనిమిది వంతులకు పైగా ఏడాదిలో కోలుకొందురు గనుక, భయపడవలసిన పని లేదు. ఆరు వారములలో సుఖము నిచ్చి ఏడాదికి మోసముచేయు మార్గముకంటె, ఆరు వారములు ఓర్చి ఏడాదికి నిలుచు మార్గము మేలు. సరియైన నిర్ణయము చేయించుకొనుడు. బరువునెత్తు తీరు మార్చుకొనుడు. పొగత్రాగు అలవాటున్నచో మానుడు. అరకిలో బరువుతో మొదలుపెట్టి మూడు నెలలు విడువక సాధన చేయుడు. రోజునకు పదునైదు నిమిషములు వెచ్చింపగలవారిలో అధికసంఖ్యాకులకు కత్తి గాని, సూది గాని అవసరము పడదు.